గంగమ్మకు మొక్కే స్తంభాలు

మా బావ కనిపెట్టిన స్తంభం మొట్టమొదట మట్టిపాలు చేసింది నా చీరల్ని.

పెరట్లో ఓ ఇనప గొట్టం పాతి, దాని నెత్తిన గాలి కొలిచే గిన్నెలు బిగించి, "హైమా, దీని జోలికి మాత్రం రాకు" అని చెప్పి వెళ్ళాడు. చెప్పాడు గానీ, మా పెరట్లో సాయంత్రం దాకా ఎండ నిలిచే చోటు అదొక్కటే. ఆ గొట్టానికి తాడు కట్టి బట్టలారేశాను. మధ్యాహ్నం సముద్రపు గాలి కాస్త జోరందుకుందో లేదో, గొట్టం అడుగున కీలు కిర్రుమంది. అది మెల్లగా వంగి, ఇంకా వంగి, నా చీరలన్నిటితో సహా నేలమీద బోర్లా పడుకుంది. గాలి తగ్గాక దానంతటదే లేచి నిలబడింది, బురద కారుతున్న చీరల్ని మోసుకుంటూ. బావ వచ్చి చూసి పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నవ్వింది చాలు, కూర్చుని ఉతుకు" అన్నాను. ఉతికాడు. ఉతుకుతున్నంతసేపూ "పనిచేసిందే, పనిచేసిందే" అని గొణుక్కుంటూనే ఉన్నాడు.

మాది శ్రీకాకుళం తీరాన ఇసకదిబ్బలపేట. జాలరుల ఊరు. నేను ఇక్కడి హైస్కూల్లో సైన్సు టీచర్ని, పేరు హైమావతి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా ఎరుగుదురు. బావ పేరు జోగారావు. నాకు ముందు మేనత్త కొడుకు, తర్వాత మొగుడు. కరెంటు ఇంజనీరింగు చదివి, పెద్ద కంపెనీలో చేరి, ఏడాది తిరక్కుండా అది వదిలేసి వచ్చి, మా ఊళ్ళో మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ షెడ్డును ప్రయోగశాలగా మార్చుకున్నాడు. మా తీరంలో తుపాను వచ్చిన ప్రతిసారీ కరెంటు స్తంభాలు వరసకు వరస కూలిపోతాయి. గాలి ఒక్క పూటలో పోతుంది. చీకటి మాత్రం వారాల తరబడి కూర్చుంటుంది. మంచినీళ్ళ మోటారు తిరగదు, ఆసుపత్రిలో మందులు పాడవుతాయి, పట్టుకొచ్చిన చేప కుళ్ళిపోతుంది. ప్రభుత్వం మళ్ళీ డబ్బు పోసి అవే స్తంభాలను అవే గుంతల్లో పాతిస్తుంది. మళ్ళీ తుపాను, మళ్ళీ పాతడం.

బావకు ఉపాయం తట్టింది వాళ్ళ నాన్న పడవ మీద. మా గురువులు మావయ్య తెరచాప పడవ నడిపిన మనిషి. ఓ రోజు నడిసముద్రంలో ఈదురుగాలి లేస్తే తెరచాప కొయ్యను చకచకా దింపి పడవలో పడుకోబెట్టేశాడట. బావ ఎందుకని అడిగితే, "ఎందుకేట్రా? గాలొత్తే కొయ్య దింపెయ్యాల. నిలబెట్టి ఉంచుతారేటి ఎవులైనా?" అన్నాడట. ఒడ్డు తగలగానే బావ ఒంటి మీద తడిబట్టలతోనే షెడ్డుకు పరిగెత్తాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన తిండీ నిద్రా అక్కడే.

తుపాన్లకు తట్టుకునే కరెంటు లైన్ల కోసం ప్రభుత్వం ఓ నిధి పెట్టింది. దాని అసలు పేరు చాంతాడంత ఉంటుంది, మేమంతా తుపాను నిధి అంటాం. దాని మొదటి విడతతో మా ఊరి ఒడ్డు నుంచి సబ్‌స్టేషను దాకా ఒక లైను వేయించాడు బావ. ప్రతి స్తంభానికీ మొదట్లో కీలు, దాన్ని వంచి లేపే నూనె గొట్టం, పక్క స్తంభంతో మాట్లాడుకునే ఓ పెట్టె. గాలి హద్దు దాటితే కరెంటు ఆగిపోతుంది, స్తంభాలు ఒకదాని వెనక ఒకటి వంగి, కింద కట్టిన సిమెంటు కాలవలో తీగలతో సహా పడుకుంటాయి. గాలి తగ్గితే లేస్తాయి.

ఆ లైను వేశాక వచ్చిన మొదటి తుపాను రోజున నేను వీధి అరుగు మీద నిలబడి ఉన్నాను. వాన మొదలైంది. ఒడ్డున ఉన్న మొదటి స్తంభం సముద్రం వైపు తల వంచింది. దాని వెనక రెండోది, మూడోది. మావయ్య నోరు తెరుచుకుని చూసి, చేతులెత్తి దండం పెట్టాడు.

"ఒలే పోలీ! బేగి రాయే! మనోడి స్తంభాలు గంగమ్మకి మొక్కుతన్నాయే!"

పోలమ్మ అత్త పరిగెత్తుకొచ్చింది. చూసి, కొంగు మెడచుట్టూ కప్పుకుని తనూ వంగి మొక్కింది. ఇంటింటి నుంచీ జనం వచ్చి మొక్కారు. మొక్కినవాళ్ళు మొక్కినట్టే మేకల్ని విప్పుకుని, పిల్లల్ని చంకనేసుకుని తుపాను షెల్టరుకు నడిచారు. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. అంతకు ముందు ఏ తుపానుకైనా అధికారులు మైకులు పట్టుకుని గొంతు చించుకున్నా, కాళ్ళావేళ్ళా పడినా గడప దాటని జనం వాళ్ళు!

అప్పటి నుంచి అది ఆచారమైపోయింది. స్తంభం మొక్కితే ఊరు మొక్కి షెల్టరుకు వెళ్ళాలి. స్తంభం తలెత్తేదాకా గుమ్మం దాటకూడదు. తలెత్తితే ఇంటికి రావాలి. మంగళవారం మంగళవారం ఆడవాళ్ళు ఒడ్డున ఉన్న మొదటి స్తంభానికి పసుపు రాసి బొట్టు పెట్టేవారు. "ఇదంతా యంత్రం మావయ్యా, గాలిని బట్టి వంగుతుంది, అంతే" అని నేను కసిరితే, "నీ పాటం బళ్ళో సెప్పుకో అమ్మీ. మా మొక్కు మాది" అని నవ్వేవాడు. ఆ నవ్వు నిండా కొడుకే ఉండేవాడు. బజారుకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ముక్కూమొహం తెలియని వాడితో అయినా సరే, "ఆ మొక్కే స్తంభాలు మావోడివే" అని చెప్పి గానీ ఊరుకునేవాడు కాదు.

ఆ ఆచారం చూసి ఊరంతా మురిసిపోతే బావ ఒక్కడికే నిద్ర పట్టలేదు. స్తంభాలకు ‘ఆగుడు’ పెట్టాడు. అంటే గాలి తగ్గినా వెంటనే లేవకుండా గంటన్నర అలాగే పడుకుని ఉండేలా పెట్టెల్లో ఏర్పాటు చేశాడు. "గాలి పోయాక ఇంకా పడకెందుకు బావా?" అని అడిగాను. భోజనాల దగ్గర ఉన్నాం. కంచంలోంచి గారె తీసి నా కళ్ళముందు పట్టుకున్నాడు.

"ఇది తుపాను. పైనుంచి చూస్తే ఇలాగే ఉంటుంది. గాలంతా ఈ గుండ్రంలో తిరుగుతుంది. నడిమధ్య ఈ చిల్లు ఉందే, ఇదే కన్ను. ఇక్కడ ఆకు కూడా కదలదు." గారెను మెల్లగా నా చేతి మీదుగా జరిపాడు. "ఇది మన ఊరి మీదుగా వెళ్తుందనుకో. ముందు ఈ అంచు కొడుతుంది. తర్వాత చిల్లు వస్తుంది, అయిపోయిందనుకుంటాం. అప్పుడు రెండో అంచు వస్తుంది. ఎదురు దిక్కు నుంచి, ఇంకా కసిగా. మన తుపాన్లకు కన్ను దాటిపోవాలంటే గంట పట్టొచ్చు. అందాకా స్తంభం లేవకూడదు. లేస్తే నాన్న షెల్టరు ఖాళీ చేయించి ఇంటికి తోలుకొస్తాడు."

"బాగానే ఉంది, ముందు ఆ గారె తిను" అన్నాను. నేను చెప్పే పాఠమే నాకు చెప్తున్నాడు గానీ, ఆ పూట నా కంచంలో గారె నేనే తినలేకపోయాను.

తర్వాతి ఏళ్ళలో మూడు నాలుగు తుపాన్లు వచ్చాయి. కన్ను ఒక్కసారీ మా ఊరి మీదుగా పోలేదు. స్తంభాలు మొక్కాయి, లేచాయి. ఒక్కటీ విరగలేదు. చుట్టుపక్కల ఊళ్ళు చీకట్లో మగ్గుతుంటే మా ఊళ్ళో టీవీలు మోగేవి. అప్పుడు కదిలింది నిధి కమిటీ.

వాళ్ళు కార్లలో వచ్చిన రోజు మా ఇంట్లోనే ఉప్మా, కాఫీలు. కమిటీ అధ్యక్షురాలు వాసంతీదేవి గారు. నెరిసిన జుట్టు, నూలుచీర. ఒకప్పుడు కరెంటు శాఖలోనే పెద్ద ఇంజనీరు. స్తంభాలను పడుకోబెట్టించి, లేపించి, కీళ్ళ దగ్గర వంగి చేత్తో తడిమి చూసింది. సంతోషంతో ఆమె మొహం వెలిగిపోయింది. తీరం మొత్తానికీ ఇవే వేయిస్తామంది.  

అప్పుడు అడిగింది: "జోగారావు గారూ, గాలి తగ్గాక కూడా గంటన్నర ఎందుకు పడుకుంటున్నాయి?"

"తుపాను కన్ను కోసం మేడమ్."

"కన్ను దాటాక మళ్ళీ గాలి కొడితే స్తంభం విరుగుతుందా?"

"విరగదు మేడమ్. మళ్ళీ పడుకుంటుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"నాలుగైదు నిమిషాలు."

"మరి స్తంభానికి ఏ నష్టమూ లేనప్పుడు ఈ ఆగుడు ఎవరికోసం?"

"మనుషుల కోసం మేడమ్. మా ఊళ్ళో స్తంభం లేస్తే బయటికి వచ్చేస్తారు."

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఈ నిధి కరెంటు లైన్ల కోసం. గాలి తగ్గిన ఇరవై నిమిషాల్లోపు కరెంటు రావాలన్నది దీని నిబంధన. అది దాటితే తర్వాతి విడత రాదు. జనాన్ని హెచ్చరించడానికి వేరే శాఖ ఉంది, దానికి వేరే నిధి ఉంది. మీ ఊరి అలవాటు కోసం తీరమంతా గంటన్నర చీకట్లో కూర్చోవాలా?"

 ఉప్మా గిన్నె పట్టుకునే మధ్యలోకి వెళ్ళాను. "జనం కన్నా కరెంటు ఎక్కువా అమ్మా మీకు?" అనేశాను.

ఆమె కోప్పడలేదు. "టీచర్ గారూ, ఓ తుపానుకు నేను డ్యూటీలో ఉన్నాను. ఆసుపత్రిలో జనరేటరు మొరాయించింది. అద్దాల పెట్టెల్లో ఉన్న పసిబిడ్డలు చనిపోయారు. ఆ తల్లులకు వెళ్ళి చెప్పింది నేనే. కరెంటు ఒక్క గంట ముందొచ్చి ఉంటే బతికేవాళ్ళు. ఆ నిబంధన రాసింది కూడా నేనే" అంది.  నేను గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను. ఆమె మాట కూడా అబద్ధం కాదు, అదే నా ఏడుపు.

బావ ఇంకో దారి వెతక్కపోలేదు. గాలి ఒత్తిడిని బట్టి కన్నును పసిగట్టే పరికరం పెట్టి చూశాడు. కన్నులో ఒత్తిడి బాగా పడిపోతుంది, పసిగట్టడం తేలికే. కానీ మా ఉప్పుగాలికి ఆ పరికరం రెండు నెలల్లో పూడుకుపోయేది. వేల స్తంభాలకు రెండేసి నెలలకోసారి మార్చడం అయ్యే పని కాదు, అందుకు నిధి ఒప్పుకోదు. చివరకు ఓ రోజు షెడ్డు నుంచి వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"ఆగుడు తీసేస్తున్నాను హైమా."

"నీకు బుద్ధుందా?"

"తీయకపోతే ఈ స్తంభాలు మన ఒక్క ఊరికే. కింద నుంచి పై దాకా తీరమంతా పాత స్తంభాలే. ఏటా కూలుతూనే ఉంటాయి. ఎంతమంది ఆసుపత్రుల్లో పోతారు చెప్పు. కన్ను ఎప్పుడో, ఎక్కడో ఒక ఊరి మీద పడుతుంది."

"ఆ ఎక్కడో మన ఊరైతే?"

 నేను ఆ రోజు ఆయనకు అన్నం వడ్డించలేదు. ఆయనా అడగలేదు.

ఆగుడు తీసేసిన సంగతి దాచాడని ఎవరూ అనడానికి లేదు. రామమందిరం అరుగు మీద ఊరందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇకనుంచి స్తంభం లేచినా గంటన్నర దాకా బయటికి రావద్దు, అది గాలి కాసేపు ఊపిరి తీసుకోవడం కావచ్చు అని విడమరిచి చెప్పాడు. అందరూ తలలూపారు. మావయ్య అందరికన్నా గట్టిగా ఊపాడు. "మావోడు అన్నీ ఆలోసించే సేత్తాడు" అని పక్కవాడితో అన్నాడు. అరుగు దిగేసరికి మాటలు వేట మీదికీ వలల మీదికీ మళ్ళాయి. ఏళ్ళ తరబడి కళ్ళతో చూసిన మొక్కు ముందు ఒక్క పూట విన్న మాట ఏం నిలుస్తుంది? నాకు ఆ రోజే తెలుసు. బడిలో పిల్లలకు కూడా చెప్పాను. వాళ్ళూ ‘అలగే టీచర్’ అన్నారు.

ఆ ఏడు కార్తీకంలో తుపాను మా వైపే వస్తోందన్నారు. కొత్త స్తంభాలు మా జిల్లా తీరం పొడుగునా లేచి నిలబడ్డాక వచ్చిన మొదటి తుపాను అది. కమిటీ వాళ్ళు బావను విశాఖపట్నం రమ్మన్నారు, కంట్రోల్ రూములో తెర మీద అంతా చూస్తూ పక్కన ఉండాలట. "నేను ఫోను చేసేదాకా ఎవర్నీ కదలనివ్వకు" అని నాకు చెప్పి బయల్దేరాడు. "వెళ్ళు వెళ్ళు, నీ స్తంభాలకు హారతి పట్టి రా" అన్నాను. అన్నాక మనసొప్పక, వెనకే వెళ్ళి గొడుగు చేతికిచ్చి వచ్చాను.

పొద్దున్నే స్తంభాలు మొక్కాయి. ఊరంతా షెల్టరులో ఉంది. ఈశాన్యం నుంచి గాలి గంటల తరబడి గోడల్ని బాదింది. మధ్యలో మేడ మీది నీళ్ళ ట్యాంకు పగిలిపోయింది. ఉన్న నీళ్ళన్నీ పోయాయి. చుట్టూ అంత వాన కురుస్తున్నా, ఆ గాలికి తలుపు తీసి పట్టుకునే వీల్లేక లోపల గుక్కెడు మంచినీళ్ళు లేవు. చంటిపిల్లలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతున్నారు. మా పక్కింటి ఎర్రమ్మ తన మనవరాలి పెదాలకు తడిగుడ్డ అద్దుతూ కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. వాన కూడా. చెవులు గింగుర్లెత్తాయి. కిటికీలోంచి లేత ఎండ పడింది. కాసేపటికి ఎవరో కేక వేశారు. సబ్‌స్టేషను వైపు నుంచి స్తంభాలు లేస్తున్నాయి. షెల్టరు దగ్గరి స్తంభం తలెత్తింది. లోపల లైట్లు వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మావయ్య తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. "గంగమ్మ తల్లి సల్లగా సూసింది. పదండి, మోటారేసి నాలుగు బిందెల నీల్లు తెచ్చుకుందాం."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "మావయ్యా, ఇది కన్ను కావచ్చు. బావ చెప్పాడు కదా, ఆగుడు తీసేశామని! ఎవరూ కదలొద్దు."

"సంటి గుంటలు నీల్లకి సచ్చిపోతన్నారమ్మీ. మోటారు అదిగో, ఆ సరుగుడు తోట పక్కనే. ఇలగెల్లి అలగొచ్చేత్తాం."

"వద్దు మావయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇన్నేళ్ళుగా సూత్తన్నాను. మావోడి స్తంభం ఒక్కసారైనా తప్పు సెప్పినాదేటి? ఆడు లేపినాడంటే గాలి ఎలిపోయినట్టే." నా భుజం పట్టుకుని, గాజు బొమ్మను జరిపినట్టు మెల్లగా పక్కకు జరిపాడు. ఆయన కదలడంతో బిందెలు పట్టుకుని ఎర్రమ్మతో సహా ఓ ముప్పై నలభై మంది వెనకే కదిలారు. జోగారావు తండ్రే వెళ్తుంటే ఇక భయమేమిటి వాళ్ళకు? అత్త కూడా లేవబోయింది. నేను ఆమె కొంగు పట్టుకుని బలవంతాన కూర్చోబెట్టాను. నన్ను తిట్టిపోసింది.

అప్పుడు మోగింది ఫోను. కరెంటు రావడంతో టవరు బతికినట్టుంది. "హైమా! కన్ను! మన ఊరి నెత్తి మీదే ఉంది! తలుపులు మూసెయ్! నాన్నను పట్టుకో!" అని బావ అరుస్తున్నాడు. ఆ వెనకాల ఎవరెవరో చప్పట్లు కొడుతున్నారు.

నేను పరిగెత్తాను. సరుగుడు తోట మలుపు దాకా వెళ్ళేసరికి కనిపించారు. మోటారు తిరుగుతోంది. గొట్టంలోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆడవాళ్ళు నవ్వుకుంటూ, తోసుకుంటూ బిందెలు నింపుకుంటున్నారు. మావయ్య దోసిట్లో నీళ్ళు పట్టి మొహం కడుక్కుంటున్నాడు. నేను గొంతు చిరిగిపోయేలా అరిచాను. ఆయన నన్ను చూసి, వచ్చేస్తున్నాం అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఒడ్డున మొదటి స్తంభం తల వంచింది. దాని వెనక రెండోది. గొట్టంలో నీళ్ళు ఆగిపోయాయి. అందరూ ఆ స్తంభాల వైపు చూశారు. వాళ్ళకు అర్థమైంది. మొక్కితే ఏం చేయాలో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బిందెలు వదిలేసి పరుగందుకున్నారు. గాలి ఈసారి దక్షిణం నుంచి వచ్చింది, సముద్రాన్ని వెంటబెట్టుకుని.

నన్ను ఎవరు లోపలికి లాగారో నాకు తెలియదు. పరిగెత్తగలిగినవాళ్ళు వచ్చారు. పంతొమ్మిది మంది రాలేదు. మావయ్య అందర్నీ ముందు తోసి తను వెనక ఉండిపోయాడని ఎర్రమ్మ తర్వాత చెప్పింది. ఆయన మర్నాడు సరుగుడు తోటలో దొరికాడు.

స్తంభాలు ఒక్కటి కూడా విరగలేదు. ఆ సాయంత్రం గాలి పూర్తిగా తగ్గాక అన్నీ వరసగా లేచి నిలబడ్డాయి. వీధి దీపాలన్నీ వెలిగాయి. ఆ వెలుగులోనే మేం వెతికాం.

బావ కాలినడకనా, ఎవరో ఎక్కించుకున్న లారీ మీదా వచ్చి చేరాడు. కంట్రోల్ రూములో ఏం జరిగిందో చాలా రోజుల తర్వాత చెప్పాడు. తెర మీద మా ఊరి లైను అన్నిటికన్నా ముందు పచ్చగా వెలిగిందట, అంటే కరెంటు వచ్చేసినట్టు. గది గదంతా లేచి చప్పట్లు కొట్టిందట. బావ తెర వంక చూసి, మిగతా తీరమంతా ఎర్రగానే ఉందనీ, మా ఊరొక్కటే పచ్చగా ఉందనీ గమనించి, అది కన్నేనని కేక పెట్టాడట. వాసంతీదేవి గారికి కూడా వెంటనే తెలిసిపోయింది. ఆమె చేతులు గాల్లో అలాగే ఆగిపోయాయట. ఆ తర్వాత ఆమె కుర్చీలో కూలబడి ఇక లేవలేదట.

అత్త కొడుకుతో మాట్లాడటం మానేసింది. తిట్టినా బాగుండేది. అన్నం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, నోరు మాత్రం విప్పదు. బావ రోజుల తరబడి షెడ్డులో చీకట్లో కూర్చునేవాడు. నేను వెళ్ళి లైటు వేస్తే, ఆర్పెయ్యమనేవాడు. నాకు ఆయన మీద కోపం పోలేదు. జాలి కూడా ఆగలేదు. రెండూ ఒకే గుండెలో పెట్టుకుని వంట చేసుకుంటూ, బడికి పోతూ వచ్చాను.

కమిటీ నివేదిక వచ్చింది. మా లైనుకు నష్టం సున్నా, కరెంటు తిరిగి రావడానికి పట్టిన సమయం నిబంధనలో సగం కూడా లేదు, పథకం సంపూర్ణంగా సఫలం. ఆసుపత్రుల్లో ఆ తుపానుకు ఒక్క ప్రాణం కూడా కరెంటు లేక పోలేదని అందులో ఉంది. అది నిజమే. పంతొమ్మిది మంది సంగతి అందులో లేదు. అది వేరే శాఖ నివేదికలో ఉందట.

పక్క జిల్లాలకు కూడా ఈ స్తంభాలు వేయించే ముందు ఓ ప్రదర్శన పెట్టారు. మా ఊళ్ళోనే, ఒడ్డునే. వాసంతీదేవి గారు ఒక రోజు ముందుగా మా ఇంటికి వచ్చింది. చాలా చిక్కిపోయింది. మావయ్య ఫోటో ముందు కాసేపు నిలబడింది. బావ ఆమె ఎదుట చేతులు కట్టుకుని, "మేడమ్, ఆగుడు తిరిగి పెట్టనివ్వండి. ఇంకేమీ అడగను" అన్నాడు.

"నేను అడగలేదనుకున్నారా?" అంది ఆమె. "ఒప్పుకున్న నమూనాలో ఒక్క అక్షరం మారినా మొత్తం మళ్ళీ మొదటికి వస్తుందట. టెండర్లు, అనుమతులు. ఈలోగా రెండు తుపాను కాలాలు గడిచిపోతాయి, అవతల జిల్లాలు చీకట్లో ఉంటాయి. సైరన్లు పెట్టమని ఆ శాఖకు రాశాను. వాళ్ళ నిధిలో ఈ ఏడాది డబ్బు లేదట."

"మరి మా వాళ్ళు?" అన్నాను నేను.

ఆమె నా వైపు చూసింది.  నేను కాఫీ ఇచ్చాను. తాగకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు ఒడ్డున షామియానా వేశారు. ఫెళ్ళున ఎండ కాస్తోంది, గాలి జాడే లేదు. ఊరి వాళ్ళను వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. పెద్దలు మాట్లాడారు. బావ మెడలో దండ వేశారు. ఆయన దాన్ని తీసేయలేదు, సర్దుకోలేదు. తర్వాత ఓ అధికారి మీట నొక్కాడు.

మొదటి స్తంభం తల వంచింది.

ఎర్రమ్మ కుర్చీలోంచి లేచింది. ఆమె వెనక అత్త లేచింది.  అందరూ లేచి, అక్కడికక్కడే వంగి మొక్కి, పిల్లల్ని ఎత్తుకుని షెల్టరు వైపు నడవడం మొదలుపెట్టారు. మైకులో "అమ్మా, కూర్చోండి, ఇది ప్రదర్శన మాత్రమే" అని అరుస్తూనే ఉన్నారు. ఎవరూ తిరిగి చూడలేదు. అత్తను ఆపుదామని నేను వెనకే వెళ్ళి, ఆమెతో పాటే లోపలికి వెళ్ళిపోయాను.

స్తంభాలు లేచాయి. బయట చప్పట్లు వినిపించాయి. లోపల ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి కార్లు వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు బావ గుమ్మంలోకి వచ్చాడు, మెడలో దండతోనే.

"అమ్మా, రా. ఏం లేదు. ఎండ కాస్తోంది చూడు."

అన్ని నెలల తర్వాత అత్త మొదటిసారి కొడుకుతో మాట్లాడింది. "నిజంగా ఏటీ లేదేట్రా?"

"ఏం లేదమ్మా. నేను చెప్తున్నాను కదా."

"నువ్వు సెప్పినావనే కదరా మీ అయ్య ఎల్లినాడు."

బావ నా వైపు చూశాడు. నేను సైన్సు టీచర్ని. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదని కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. నా కాళ్ళు కదల్లేదు. అత్త లేచి వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది.